మూడు పేటల తాడు

అనగనగా అంటారు గానీ, అది ఎప్పుడో ఎవరికీ తెలీదు. ఏటికి తెలుసు. ఏరు చెప్పదు. అందుకే నేను చెప్తున్నాను. కోపంగానే చెప్తాను, ఏమనుకోకండి.

ఆ ఏటి గట్టున ఒక ఊరు. ఊళ్ళో ఒక పై వీధి, ఒక కింది వీధి. ఏటికి అవతల ఒక పల్లె, ఆ పల్లెలో సంత. సంతకు పోవాలంటే ఏట్లో దిగాలి. వానలొస్తే చాలు, ఏరు ఎవరినో ఒకరిని మింగేది. జనం ఏడ్చేవాళ్ళు. మళ్ళీ దిగేవాళ్ళు.

ఆ ఊరికి రాజుగారి దండు నుంచి ఒక సిపాయి తిరిగొచ్చాడు. పేరు గుర్రప్ప. ఒక కాలు యుద్ధంలో పోయింది, చంకలో కర్ర ఉంది.

"పేరేమో గుర్రం, ఉన్నదేమో ఒంటికాలు!" అని పై వీధి అరుగుల మీద నవ్వుకున్నారు.

గుర్రప్ప ఇంటికి పోతే తలుపు మూసుంది. కింది వీధిలో నార పేనే ఓబుళమ్మ వచ్చి చెప్పింది. "మీ అమ్మను ఏరు తీసకపోయింది నాయనా. సంత నుంచి వస్తా ఉంటే."

గుర్రప్ప కర్రతో నేలను కొట్టాడు. "దండులో నా పనేందో తెలుసా అక్కా? ఏళ్ళకు అడ్డంగా తాళ్ళు కట్టడం. చంపను పొయ్యేవాళ్ళందరినీ దాటించినా. మా అమ్మను దాటించలేకపోయినా! ఇంక ఈ ఏరు ఒక్క మనిషిని తినకూడదు."

గోగు చేలు పూసి ఉన్నాయి అప్పుడు. ఆ పూలు లేత పసుపు, నడుమ మాత్రం ముదురు ఎరుపు. నాకైతే ఆ ఎరుపు గుర్రప్ప కోపమే అనిపిస్తుంది.

గోగునార కోసం పై వీధిలో అడిగాడు, ఇచ్చారు. కింది వీధిలో అడిగాడు, ఇచ్చారు. అవతలి పల్లెలో అడిగాడు, ఇచ్చారు. ఓబుళమ్మా అతనూ కూర్చుని పేనారు. పై వీధిది ఒక పేట, కింది వీధిది ఒక పేట, అవతలి పల్లెది ఒక పేట. మూడూ కలిస్తే తాడు, విడిపోతే నార.

ఆ తాడు ఏటికి అడ్డంగా కట్టాడు. వాన పడితే చాలు, తనే ఏట్లో నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి అందించేవాడు. ఆ ఏడు ఏరు ఎవరినీ మింగలేదు. మరుసటి ఏడూ మింగలేదు.

మూడో ఏడు పై వీధి పెత్తందారుకు కళ్ళు మండాయి. "కింది వీధివాళ్ళు పట్టిన తాడు మా ఆడవాళ్ళు పట్టాలా? విప్పండ్రా! మా పేట మాకు వేరే కట్టండి."

విప్పారు. సిగ్గులేని చేతులు, విప్పేశాయి! ఒంటిపేట తాడు పై వీధికి, రెండుపేటల తాడు మిగతావాళ్ళకు.

గుర్రప్ప పెత్తందారు గుమ్మం ముందుకు పోయాడు. "సామీ, ఒంటిపేట ఆగదు సామీ." పెత్తందారు నవ్వాడు.

మళ్ళీ పోయాడు. "పెద్దాయనా, నీకూ ఆడబిడ్డ ఉంది." పెత్తందారు కుక్కను ఉసిగొలిపాడు.

మూడోసారి పోయాడు. తలుపు వేసేశారు. ఆ తలుపు మీద కర్రతో బాదాడు. "ఒరే! మూడూ కలిస్తే తాడు, విడిపోతే నార! వినపడతాందా?"

వినపడింది. ఎవరూ కదల్లేదు.

సంతనాడు పొద్దువాలే వేళకు ఎగువన కొండల్లో వాన పడింది. జనం ఏటి నడుమ ఉండగా ఎర్రటి నీళ్ళు దిగాయి. ఇవతలి గట్టు దగ్గర ఒంటిపేట పుటుక్కున తెగింది. పై వీధి ఆడవాళ్ళు దాని కొసకు వేలాడుతూ కొట్టుకుపోతున్నారు.

గుర్రప్ప కర్ర పారేశాడు. ఏట్లో దూకి తెగిన కొస అందుకున్నాడు, నడుముకు చుట్టుకున్నాడు, ఉన్న ఒక్క కాలినీ బండకు తన్నిపెట్టాడు. "పక్కనున్న రెండుపేటల తాడు మీదికి మారండి! ఓబుళక్కా, చెయ్యియ్యి!"

ఓబుళమ్మ ఒక చేత్తో రెండుపేటల తాడు పట్టుకుని, ఇంకో చెయ్యి చాచింది. ఒకరు పట్టుకున్నారు. ఇంకొకరు పట్టుకున్నారు. అందరూ మారారు. చివర మిగిలింది పెత్తందారు కూతురు చెన్నమ్మ. ఎదురుగా ఓబుళమ్మ చెయ్యి. చెన్నమ్మ దాన్ని చూసింది. చూసి, ఆగింది.

ఎగువ నుంచి ఒక చెట్టు దుంగ వస్తోంది. ఆ కొస వదిలితే గుర్రప్ప తప్పుకోగలడు. వదిలితే చెన్నమ్మ పోతుంది.

"చేతిని చూస్తావేందే! పట్టుకో!" అని అరిచాడు గుర్రప్ప.

పట్టుకుంది. అప్పుడే దుంగ తగిలింది. ఆగింది ఎంతసేపని? రెప్పపాటు. ఆ రెప్పపాటే గుర్రప్పను మింగింది.

మర్నాడు పెత్తందారు పై వీధిలో వీరుడి రాయి నిలబెడతానన్నాడు. ఓబుళమ్మ అతని మొహం మీదే అంది. "రాళ్ళు ఏట్లో శానా ఉన్నాయిలే. నార తీసకరా."

అందరికన్నా ముందు నార తెచ్చింది చెన్నమ్మ. ఓబుళమ్మ పక్కన కూర్చుని పేనింది. వేళ్ళు చీరుకుపోయినా లేవలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో తొలకరికి ముందు మూడు పేటల తాడు పేనుతారు. పెత్తందారు ఇంటి నార రానిదే మొదలుపెట్టరు. ఏరు దాటేటప్పుడు చెయ్యి చాచినవాళ్ళ మొహం చూడరు. ముందు చెయ్యి పడతారు, గట్టెక్కినాకే పేరు అడుగుతారు.

ఎవరన్నా ఒక్క క్షణం తటపటాయించారా, గట్టు మీది ముసలమ్మలు ఊరుకోరు.

"ఏందే చూస్తావు? అక్కడ గుర్రప్ప కొస పట్టుకొనుండాడు! బిరీన చెయ్యి పట్టు!"