అర మీటరు గళ్ళగుడ్డ

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది బంగారం, ఇవాళ నీకు చెబుతాను. ఇలా దగ్గరికి జరుగు. అనగనగా ఒక ఊళ్ళో, తను చెప్పే పాఠం తనకే తెలియని టీచరొకావిడ ఉండేది. పేరు తర్వాత చెబుతాలే.

ఆవిడకు లెక్కలు చెయ్యడం వచ్చు. గబగబా చేసేసేది. ఎందుకలా చెయ్యాలో మాత్రం ఆవిడకెవరూ చెప్పలేదు. ఆవిడా ఎవర్నీ అడగలేదు.

ఆవిడ ఐదో తరగతిలో నాగూర్‌బీ అని ఒక పిల్ల. వాళ్ళమ్మ జాకెట్లు కుట్టేది. ఆ పిల్లేమో, పెద్దయ్యాక లెక్కల టీచర్నవుతానని ఊరంతా చెప్పుకు తిరిగేది.

ఒకరోజు టీచరు బోర్డు మీద అరని పావుతో భాగించింది. పావుని తిరగేసి గుణించింది. రెండొచ్చింది. అప్పుడు నాగూర్‌బీ చెయ్యెత్తింది.

"టీచర్, భాగిస్తే తగ్గాలి కదా? అర కాస్తా రెండెలా అయింది?"

"తిరగేస్తే అంతే వస్తుంది. రాసుకో."

మర్నాడు మళ్ళీ చెయ్యెత్తింది. "అసలెందుకు తిరగెయ్యాలి టీచర్?"

టీచరుకు చెవులు వేడెక్కాయి. "పుస్తకంలో అలా ఉంది, అందుకు!"

ఆ తర్వాత మూడోనాడు ఆ పిల్ల ఇంటి నుంచి అర మీటరు గళ్ళగుడ్డ తెచ్చింది. "నాకు తెలిసిపోయింది టీచర్, చూడండి" అంటూ మడత పెట్టబోయింది. అప్పుడు టీచరుకు భయమేసింది. తనకు తెలియదని క్లాసంతటికీ తెలిసిపోతుందని. గుడ్డ లాక్కుంది. "నీకెందుకే లెక్కలు? పోయి మీ అమ్మ పక్కన కూచుని జాకెట్లు కుట్టుకో!" అంది. పిల్లలంతా గొల్లున నవ్వారు.

నాగూర్‌బీ మళ్ళీ చెయ్యెత్తలేదు. పదో తరగతి తప్పింది, లెక్కల్లోనే. టీచరు వల్లే అని ఎవరూ అనలేదు. టీచరుకు మాత్రం తెలుసు.

ఏళ్ళు గడిచాయి. టీచరు రిటైరైంది. ఒక పొద్దున వంటింట్లో అరకిలో రవ్వ ప్యాకెట్టు విప్పి, పావుకిలో డబ్బాల్లో పోసింది. ఒకటి నిండింది. రెండోది నిండింది. ప్యాకెట్టు ఖాళీ. అరలో పావులెన్నంటే రెండు! ఆ పిల్ల గుడ్డ మడిచి చూపించబోయింది ఇదే కదమ్మా! టీచరు ఖాళీ ప్యాకెట్టు పట్టుకుని అలాగే చతికిలబడింది.

ఇప్పుడు నాగూర్‌బీకి బజార్లో టైలరింగ్ షాపుంది. బోర్డు మీద నంబరుంది. టీచరు మూడుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి రింగవ్వగానే పెట్టేసింది. రెండోసారి "హలో" వినబడగానే పెట్టేసింది. మూడోసారి, "ఎవరండీ, కొలతలివ్వాలా?" అని అవతల నుంచి అడిగితే, "రాంగ్ నంబరమ్మా" అంది.

గళ్ళగుడ్డేమైందంటావా? ఇదుగో, రోజూ నేను కళ్ళజోడు తుడుచుకునేది.

ఏమిటే అలా చూస్తావు? అవునమ్మా, ఆవిడ పేరు నీకు తెలిసిందే.

ఇంకా ఎనిమిదిన్నరేగా, షాపు మూసి ఉండదు. నువ్వు పడుకో తల్లీ. నేనీసారి రాంగ్ నంబరననులే.

కథేమో కంచికి, నువ్వేమో పక్కమీదికి, ఆ ఫోనేమో నా చేతికి.