నీళ్లకుండ దగ్గర నూకాలు

అడవి నడుమ ఒక హైస్కూలు, దానికో ఆటస్థలం. చింతకొమ్మకు అడుగూడిన వెదురుబుట్ట కట్టి, పిక్నిక్కి వచ్చినవాళ్లెవరో మరిచిపోయిన బంతితో అక్కడి జంతువులు బాస్కెట్‌బాల్ ఆడేవి. ఆటల మాస్టారు గవర్రాజు అనే నక్క. మెడలో ఈల, బుర్రలో ఎప్పుడూ ఏదో ఒక ఎత్తు.

ఆ వారం ఆయన ఎత్తులన్నీ మేనల్లుడు సన్యాసి కోసమే. కొండమీది కాలేజీ నుంచి వీరభద్రయ్య అనే కొంగ ఆటగాళ్లను చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. వాళ్లకు కావలసింది పాయింట్ గార్డు, అంటే బంతి పట్టుకుని జట్టు మొత్తాన్ని నడిపించేవాడు. ఎంపికైతే చదువు, హాస్టలు, తిండి అన్నీ కాలేజీవే.

చిక్కేమిటంటే, ఆ స్కూల్లో ఆ పని చేసేది సన్యాసి కాదు, నూకాలు అనే ముంగిస. పంది కాళ్ల మధ్య నుంచి దూరిపోయేంత చిన్నది. ఎవరెక్కడ ఖాళీగా ఉన్నారో వెనక్కి తిరక్కుండానే కనిపెట్టేది. బుట్టలో వేసిన పేరు మిగతావాళ్లకు వదిలేసి, బంతి వాళ్ల చేతికి అందించి సంబరపడేది. ఇరుకు బొరియలో గంపెడు తమ్ముళ్ల మధ్య పెరిగిన ఆ పిల్లకు కొండమీది చదువంటే ప్రాణం. పొద్దున్నే ఒంటరిగా బంతి కొట్టుకుంటూ కొండకేసి చూడటం గవర్రాజు చాలాసార్లు చూశాడు. జాలి పడ్డాడు కూడా. కానీ మేనల్లుడి ముందు ఆ జాలి ఎంతసేపు నిలుస్తుంది?

ఆట రోజు నూకాల్ని పక్కకు పిలిచాడు.

"తల్లీ, నువ్వివాళ నీళ్లకుండ దగ్గర కూర్చో."

"ఏం మాస్టారూ? నాకు జ్వరమేం లేదే."

"వచ్చేది పెద్దాయన. దాహమేస్తే నీళ్లివ్వడానికి బుద్ధిమంతులుండాలి. నీకంటే ఎవరున్నారు చెప్పు?"

నూకాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. "కాసేపైనా ఆడనివ్వరా మాస్టారూ?"

"చూద్దాంలే," అన్నాడు గవర్రాజు, చూసే ఉద్దేశం ఏ కోశానా లేకుండా.

తర్వాత జట్టును పోగేసి, "బంతి ఎవరికి దొరికినా సన్యాసికే ఇవ్వాలి. తెలిసిందా?" అన్నాడు.

అప్పన్న అనే అడవిపంది బుర్ర గోక్కున్నాడు. "మరి సన్యాసి ఎవులికిస్తాడు మాస్టారూ?"

"ఎవరికీ ఇవ్వడు. బుట్టలో వేస్తాడు!"

వీరభద్రయ్య రానే వచ్చాడు. మైదానం అంచున ఒంటికాలి మీద నిలబడి, కళ్లు సగం మూశాడు. ముసలాయన కునికిపాట్లు పడుతున్నాడని గవర్రాజు లోలోపల మురిసిపోయాడు. ఇలాంటివాడికి పక్కనుంచి చెవిలో చెబితే చాలు.

వాగవతలి స్కూలుతో ఆట మొదలైంది. సన్యాసి ఎగిరి బుట్టలో వేశాడు. మళ్లీ వేశాడు.

"చూశారా? ఆ ఒడుపు చూశారా? మా అక్క కొడుకని చెప్పడం కాదు గానీ..."

"ఊఁ," అన్నాడు కొంగ.

అవతలి జట్టుకూ కళ్లున్నాయి. బంతి ఎటు తిరిగినా సన్యాసి దగ్గరికే వస్తోందని కాసేపట్లో పసిగట్టి, అందరూ వాణ్ణే చుట్టుముట్టారు. సన్యాసి బంతిని కడుపులో పెట్టుకుని గిరగిరా తిరిగాడు. అప్పన్న ఎటు పోవాలో తెలీక కుందేల్ని గుద్దేశాడు. బుట్ట కింద కోతి ఒక్కటే ఖాళీగా నిలబడి తోక గోక్కుంటోంది.

"ఆ కుండ దగ్గరున్న పిల్ల ఎవరు మాస్టారూ?" అన్నాడు కొంగ.

గవర్రాజు మెడలో ఈల సవరించుకున్నాడు. "నీళ్లు పోసే పిల్లండి. ఆట తెలీదు."

"ఒకసారి దింపండి, చూద్దాం."

"అబ్బే, కాలు బెణికిందండి."

"ఇందాక ఆట తెలీదన్నారు?"

"ఆట తెలీకే బెణికిందండి!"

సరిగ్గా అప్పుడే సన్యాసి రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "మామా, నీకు దణ్ణం పెడతా, నూకాల్ని పంపించు! ఈ బంతి మొయ్యడం నావల్ల కాదు!"

గవర్రాజు కనుసైగ చేశాడు, పళ్లు కొరికాడు. మేనల్లుడికి ఒక్కటీ అర్థం కాలేదు. నూకాలు అప్పటికే మైదానంలో ఉంది.

ఇక చూడాలి ఆ ఆట! బంతి అప్పన్నకు అందింది, కుందేలుకు అందింది, తోక గోక్కుంటున్న కోతికీ అందింది. చివర్లో అందరూ నూకాలు మీద పడితే, అది వెనక్కి చూడకుండానే సన్యాసికి అందించింది. సన్యాసి హాయిగా బుట్టలో వేశాడు. ఆట గెలిచారు. అప్పన్న నూకాల్ని వీపుమీద ఎక్కించుకుని గంతులేశాడు.

వీరభద్రయ్య రెండో కాలు నేలమీద పెట్టాడు. "ఈ పిల్లను తీసుకెళుతున్నాను."

"కాసేపేగా ఆడింది!" గవర్రాజు గొంతు కీచుమంది.

"ఆడకముందే చూశానయ్యా. నేను చేపలు పట్టుకుని బతికేవాణ్ణి. ఎగిరిపడే చేప వంక చూస్తూ కూర్చుంటే నాకు పూట గడవదు, నీళ్లు ఎటు కదులుతున్నాయో చూసుకుంటాను. ఇవాళ మీవాళ్ల కళ్లన్నీ కుండవైపే కదిలాయి. బంతి దొరికితే పంది అటే చూశాడు, కుందేలు అటే చూసింది. అందరికంటే ఎక్కువ చూసింది మీ మేనల్లుడే."

గవర్రాజు కూడా కుండవైపు చూశాడు.

"నిజం చెప్పనా? ఆ పిల్లను మొదటినుంచీ ఆడనిస్తే ఆట సాఫీగా సాగిపోయేది. బుట్టలో వేసినవాడే నా కంట పడేవాడేమో. మీరు కూర్చోబెట్టబట్టే కనిపించింది."

నూకాలు ఏడుస్తూ నవ్వుతూ, బొరియలో చెప్పి రావడానికి ఒక్క పరుగు తీసింది. సన్యాసి వచ్చి మామ భుజం తట్టాడు. "ఎంత మంచి ఎత్తు వేశావు మామా, నూకాల్ని ఆఖరిదాకా దాచిపెట్టి! దాహమేస్తోంది, కాసిని నీళ్లు పొయ్యి."

గవర్రాజు కుండ వంచాడు.

నీతి: సత్తా ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టినా, వాళ్లకోసం వెతికే కళ్లను ఎవరూ మూయలేరు.