సుంకులమ్మ మోసిన చనుబాలు

వానలు మాట తప్పని కాలం అది. వంకలో నీళ్ళు, మనుషుల్లో ఓపిక నిండుగా ఉన్న కాలం. అనగనగా ఆ కాలంలో, కొండకూ వంకకూ మధ్య ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో సుంకులమ్మ అని ఒక గొల్ల మనిషి.

సుంకులమ్మకు మొగుడు లేడు. మూడు బర్రెలు, ఒక కొట్టం, ఒక్కగానొక్క కూతురు. అంతే ఆమె కలిమి. చెక్క భూమి లేదు, నగానట్రా లేదు. కానీ పాల విషయంలో ఆమెను మించిన మనిషి ఆ చుట్టుపక్కల లేదు. తెల్లారకముందే పిండేది. పిడకల సెగ మీద సన్నగా కాచేది. అరచేతి మందాన మీగడ కట్టించేది. వాసన చూసి ఏ బర్రె ఏ గడ్డి మేసిందో చెప్పేది. ఎండాకాలంలో ఊరందరి పాలూ విరిగినా ఆమె పాలు మాత్రం విరిగేవి కావు. అందుకే ఊళ్ళో ఒక మాట పుట్టింది. సుంకులమ్మ చేతిలో పాలు విరగవు.

పెళ్ళివాళ్ళు ఆ మాటే అనేవాళ్ళు. రోగం వచ్చినవాళ్ళు ఆ మాటే అనేవాళ్ళు. దారిన పోయే బైరాగులు కూడా ఆ మాటే అని, ఒక లోటా తాగి పోయేవాళ్ళు. విని విని సుంకులమ్మ కూడా అది నిజమే అనుకుంది. అన్నమే కాదు, మంచిమాట ఎక్కువైనా మనిషికి అరగదు.

కూతురు ఓబులమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడో నెల నడుస్తోంది. ఒకనాడు పొద్దున నీళ్ళ బిందె ఎత్తబోయి నడుం పట్టుకుని కూచుంది. మధ్యాహ్నానికి నొప్పులు. మంత్రసాని హుసేనమ్మను పిలుచుకొచ్చారు. ఆమె దూదేకులోళ్ళ ఇంటి మనిషి. ఆ ఊళ్ళో సగం మంది ఆమె చేతిలో పుట్టినవాళ్ళే.

ఆడపిల్ల పుట్టింది. దోసిట్లో పెడితే ఇంకా చోటు మిగిలింది. చీపురు పుల్లల్లాంటి వేళ్ళు. చర్మం కింద నరాలు నీలంగా కనిపిస్తున్నాయి. ఏడుపు పిల్లికూన ఏడుపు కన్నా సన్నం. రొమ్ముకు ఆనిస్తే పట్టుకునే సత్తువ లేదు.

హుసేనమ్మ ఇంటికి పోయి కొత్తగా ఏకిన దూది తెచ్చింది. పిల్లను ఆ దూదిలో చుట్టి మూడు మాటలు చెప్పింది. తల్లి పాలు తప్ప వేరే పాలు వద్దు. పిండినవి పిండినట్టే, దూది వత్తితో చుక్క చుక్కగా పట్టండి. పాలకు నిప్పు చూపించొద్దు. సుంకులమ్మ మూడింటికీ తలూపింది.

మూడు రోజులు బాగానే గడిచాయి. ఓబులమ్మ పిండేది, సుంకులమ్మ వత్తి తడిపి పిల్ల నాలుక మీద పెట్టేది. పిల్ల గుటక వేసేది. ఆ గుటక చప్పుడు వినడానికి ఇద్దరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు.

నాలుగో రోజు ఓబులమ్మకు జ్వరం తగిలింది. పొద్దున్నే పాలు పొంగేవి. ఆ తర్వాత మనిషి సొమ్మసిల్లి పడుకునేది. పిల్లకేమో కాసేపటికొకసారి నాలుగు చుక్కలు కావాలి. జ్వరంతో పడున్న కూతుర్ని మాటిమాటికీ లేపడానికి సుంకులమ్మకు మనసు రాలేదు. పొద్దున వచ్చిన పాలన్నీ ఒకేసారి పిండించి దాచిపెడదామనుకుంది. పాలు దాచాలంటే కాచాలి. కాచకపోతే విరుగుతాయి. అది ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి.

ఇత్తడి చెంబులో పోసి పిడకల సెగ మీద పెట్టింది. కొంచెమే ఉన్న పాలు కాగి కాగి సగమయ్యాయి. విరగలేదు. సుంకులమ్మ సంతోషపడింది. పైన పలచగా కట్టిన మీగడను చూసి, ఇంత చిన్న కడుపుకు ఇది అరగదని తీసేసింది. మిగిలినవి చల్లార్చి సాయంత్రం దాకా పట్టింది.

మర్నాడు హుసేనమ్మ వచ్చింది. ఇంట్లో అడుగు పెడుతూనే వాసన పట్టింది. పాలు కాస్తున్నావా అని అడిగింది. సుంకులమ్మ నవ్వి, పాల సంగతి నాకు నేర్పుతావా అంది.

ఆ మర్నాడు మళ్ళీ వచ్చింది. ఈసారి దగ్గర కూచుని, చెయ్యి పట్టుకుని చెప్పింది.

"అవి బర్రెపాలు కాదు సుంకులక్కా. బర్రెపాలు కాచితే మనిషికి మంచిది. తల్లి పాలల్లో బిడ్డను కాచే గుణమేదో ఉంటాది. అది నిప్పుకు ఓర్వదు. మా అమ్మ చెప్పింది, మా అవ్వ చెప్పింది. నేను కంటితో చూసినా."

"నా చేతిలో పాలు ఎన్నడన్నా విరిగినాయా?" అంది సుంకులమ్మ.

మూడోనాడు హుసేనమ్మ వాకిట్లో నిలబడే అడిగింది. సుంకులమ్మ పొయ్యి వైపు తిరిగింది. పిడకలు తిరగేస్తూ కూచుంది. హుసేనమ్మ వెళ్ళిపోయింది.

పిల్ల మొదట ఏడవడం తగ్గించింది. తర్వాత గుటక తగ్గించింది. కడుపు బిగిసింది. పదకొండో నాడు పొద్దెక్కాక సుంకులమ్మ వత్తి తడిపి పెదవులకు ఆనిస్తే పెదవులు కదల్లేదు. పాలు చెంప మీదుగా దూదిలోకి ఇంకిపోయాయి.

పూడ్చిపెట్టి వచ్చాక హుసేనమ్మ ఒక్క మాట కూడా తప్పు పట్టలేదు. ఏడో నెల బిడ్డ కదా, ఎట్లున్నా నిలిచేదో లేదో నాకూ తెలీదు అంది. సుంకులమ్మకు తిట్టు కంటే ఆ మాటే బరువైంది. తిట్టుంటే ఏడ్చి ఊరుకునేది. తెలీదు అన్నదాన్ని ఎక్కడ దించుకోవాలి?

ఆ సాయంత్రం ఇత్తడి చెంబు తోముదామని కూచుంది. లోపల వేలు పెడితే జిడ్డుగా తగిలింది. అడుగున మాడిన పొర. అంచు దాకా గోడకు అంటుకున్న వెన్న. వేడినీళ్ళు పోసి తిప్పితే ఆ వెన్నంతా చిన్న చిన్న చుక్కలై పైకి తేలింది. మీగడని చేత్తో తీసి పారేసింది కొంత. చెంబు గోడకు పోయింది కొంత. నిప్పుకు పోయింది కొంత. పిల్ల గొంతులోకి పోయింది ఏమిటి మరి? సుంకులమ్మ ఆ చెంబు ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు చల్లారిపోయేదాకా అట్లాగే కూచుంది.

ఓబులమ్మకు పాలు ఆగలేదు. బిడ్డ పోయిందని రొమ్ముకు తెలీదు కదా. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పిండి గోడకు చిమ్మేది. పదహారో నాడు మూట కట్టుకుని అత్తగారింటికి బయల్దేరింది. పోయొస్తా అనాల్సిన చోట పోతాండా అంది. వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాత ఓబులమ్మకు మూడు కాన్పులయ్యాయి. మూడూ అత్తగారింట్లోనే. సుంకులమ్మ మూడుసార్లూ నెయ్యి కాచి గిన్నెతో పంపింది. ఆడపిల్ల ఇంటికి పోయిన గిన్నెలో తిరిగి పిడికెడు బియ్యమో, బెల్లం ముక్కో వేసి పంపడం వాడుక. మూడుసార్లూ ఉత్త గిన్నె వచ్చింది, శుభ్రంగా తోమి.

రెండో గిన్నె తిరిగొచ్చిన ఏడాది వంక అవతల చెరువుకట్ట పని మొదలైంది. రాళ్ళు కొట్టే వడ్డెవాళ్ళు అక్కడ గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళల్లో మారెక్క అనే చిన్నదానికి నెలలు నిండకుండానే మగపిల్లవాడు పుట్టాడు. ఏడో రోజుకే ఆమె పనిలోకి పోవాల్సి వచ్చింది. సుత్తి పట్టకపోతే సంకటి లేదు. రాతి దుమ్ములోకి ఆ పసికందును తీసుకుపోలేదు. పిల్లవాడు ముసలి అత్త దగ్గర గుడిసెలో, పాలు కోసెడు దూరంలో రాళ్ళు కొట్టే చోట. పిల్లవాడు అప్పటికే వాడిపోతున్నాడు.

ఆ సంగతి హుసేనమ్మ నోట విని సుంకులమ్మ వంక దాటింది. గుడిసె ముందు నిలబడి పాలు నేను మోస్తానంది. మారెక్క అత్త ఆమెను గుర్తుపట్టింది. ఊళ్ళో అనుకునే మాటలు వంక దాటకుండా ఉంటాయా? సొంత మనవరాలిని దక్కించుకోలేనిదానివి, మా బిడ్డ దగ్గరికి ఎందుకొచ్చినావు అంది.

సుంకులమ్మ తల దించుకోలేదు. "నా మనవరాలికి పాలు కాచి పోసినా. చచ్చిపోయింది. అందుకే వచ్చినా" అంది.

అప్పుడే పని నుంచి వచ్చిన మారెక్క ఆ మాట విని ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత లోపలికి రమ్మని పక్కకు జరిగింది.

సుంకులమ్మ కుమ్మరి దగ్గర కొత్త పిడతలు తెచ్చింది. వేడినీళ్ళలో మరిగించి ఎండలో బోర్లించింది. మారెక్క పనికి పోయేముందు పిండిన పాలు అప్పటికప్పుడే, ఒంటివేడి పోకముందే పట్టేది. తర్వాత తనూ రాళ్ళ దగ్గరికి పోయేది. అక్కడ పిండినవి పిడతలో పోసి, ఉతికిన గుడ్డ కట్టి, తడి ఇసుక నింపిన గంపలో దాన్ని కుదురుగా పెట్టి, పైన తడి గోనె కప్పి, తన నీడ గంప మీద పడేట్టు నడిచేది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలేముందు ఒకసారి. గుడిసెలో కూడా తడి ఇసుకలోనే, నీడలోనే ఉంచేది. ఒక పూట పాలు ఇంకో పూటకు పట్టేది కాదు. మిగిలితే, మారెక్క అత్త చూస్తుండగానే పారబోసేది.

పట్టేముందు నిప్పు దగ్గరికి పోయేది కాదు. పిడతను గోరువెచ్చని నీళ్ళల్లో పెట్టి, ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని చూసేది. తర్వాత పిడతను అరచేతుల్లో పట్టుకుని మెల్లగా మూడుసార్లు తిప్పేది. కుదిపేది కాదు, తిప్పేది. గోడకు అంటుకున్న వెన్న మళ్ళీ పాలల్లో కలిసేది. తిప్పుతూ తనలో తాను అనుకునేది. గోడ వదులు, గొంతు చేరు. గోడ వదులు, గొంతు చేరు. గోడ వదులు, గొంతు చేరు.

నలభై రోజులు అట్లా మోసింది. కాళ్ళు పగిలాయి. తడి గంప చంకన మోసి మోసి నడుం ఒరుసుకుపోయింది. పిల్లవాడి తొడల మీద మొదట ఒక మడత పడింది, తర్వాత రెండు. నలభై ఒకటో నాడు మారెక్క ఎత్తుకుంటే వాడే తల తిప్పి రొమ్ము వెతుక్కున్నాడు. పట్టుకుని గట్టిగా లాగాడు. ముసలత్త చేతులు జోడించింది.

సుంకులమ్మ పిడత తీసుకుని వంకలోకి దిగింది. కడుగుతూ ఉంటే చెయ్యి ఆగిపోయింది. ఇంతేనా? ఒక పిడత, ఇంత ఇసుక, మూడుసార్లు తిప్పడం. ఇంత చిన్న పనేనా? వాడు బతికినందుకు వచ్చిన సంతోషం కన్నా, అది అంత చిన్న పని అయినందుకు వచ్చిన దుఃఖమే పెద్దదైంది. ఆ పూట ఇంటికి పోయి బర్రెలను కూడా పిండలేదు. దూడలే తాగాయి.

అప్పటి నుంచి మూడూళ్ళ వాళ్ళు సుంకులమ్మను పిలిచేవాళ్ళు. ఎక్కడ నెలలు నిండని బిడ్డ పుట్టినా, ఏ కులం ఇల్లయినా, ఎంత ఎండయినా పోయేది. కొందరు బిడ్డలు దక్కారు. కొందరు దక్కలేదు. దక్కినప్పుడు తన గొప్ప చెప్పుకోలేదు. దక్కనప్పుడు సాకు చెప్పలేదు. సుంకులమ్మ చేతిలో పాలు విరగవు అని ఎవరైనా అంటే, ఆ మాట అనొద్దమ్మా అనేది. ప్రతి ఇంట్లో ముసలివాళ్ళను కూచోబెట్టి ముందు తన తప్పు చెప్పేది, తర్వాత పని నేర్పేది. దారిలో బండి చప్పుడైతే మాత్రం ఆగి చూసేది, కూతురు వస్తోందేమోనని.

ఒక చలికాలం మూడు రోజులు దగ్గి సుంకులమ్మ పోయింది.

కబురు అంది ఓబులమ్మ వచ్చేసరికి మట్టి కప్పేశారు. ఆమె తల సగం నెరిసింది. సమాధి చుట్టూ ఆమెకు తెలియని ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు. నడిచే పిల్లలు, ఎడ్లను తోలే పిల్లలు, పెళ్ళిళ్ళయిన పిల్లలు కూడా. వీళ్ళంతా ఎవరని ఓబులమ్మ అడిగింది. మీ అమ్మ మోసిన పాలు తాగినవాళ్ళు అని హుసేనమ్మ చెప్పింది. ఆమె అప్పటికి కళ్ళు కనిపించని ముసలిది.

ఓబులమ్మ మట్టి మీద చెయ్యి పెట్టి కూచుంది. తర్వాత ఎవరూ అడగకుండానే మాట్లాడింది.

"ఆ పాలు పొయ్యి మీద పెట్టినప్పుడు నేను మంచంలోంచి చూస్తానే ఉంటి. హుసేనత్త వద్దన్నది కూడా విన్నా. మా అమ్మకు తెలుసులే అని కళ్ళు మూసుకున్నా. తప్పు నీ ఒక్కదానిదే కాదమ్మా అని ఒక్కసారన్నా వచ్చి చెప్పుంటే అయిపోయేది. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటానే ఇన్నేండ్లు గడిపేసినా."

హుసేనమ్మ తడుముకుంటూ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

ఆ కొండకూ వంకకూ మధ్య ఊళ్ళల్లో ఇప్పటికీ నెలలు నిండని బిడ్డకు పాలు పట్టేముందు గిన్నెను మూడుసార్లు తిప్పుతారు. తిప్పుతూ, గోడ వదులు గొంతు చేరు అంటారు. ఎందుకంటారో చిన్నవాళ్ళకు తెలీదు, అయినా అంటారు.

ఇంకొకటి కూడా చేస్తారు. అట్లాంటి బిడ్డ దక్కకుండా పోతే, ఆడవాళ్ళు ముందు తల్లిని పలకరిస్తారు. అక్కడితో ఆగరు. ఆ బిడ్డకు పాలు పట్టిన చెయ్యి ఎవరిదో అడిగి, ఆ మనిషి ఏ మూల కూచుని ఉన్నా వెతుక్కుంటూ పోతారు. పక్కన కూచుని, తప్పు నీ ఒక్కదానిదే కాదు అని చెప్పి వస్తారు. ఆ మాట మాత్రం మర్నాటికి పెట్టుకోరు. పొద్దు గుంకేలోపే చెప్పేస్తారు.