అవతారం మాస్టారి మరమ్మతు

విజయనగరంలో చూపులేని పిల్లల బడిలో అవతారం మాస్టారని ఒక కంప్యూటర్ టీచరు ఉండేవాడు. పనిలో దిట్టే గాని, తాను చేసినదేదీ పక్కవాడి చెవిన వేసే అలవాటు లేదు.

ఆ బడిలో వాడేది ఉచిత సాఫ్ట్‌వేర్. దేశదేశాల జనం కలిసి రాసుకున్నది. ఎవరైనా వాడుకోవచ్చు, చెడితే ఎవరైనా బాగుచేయవచ్చు. తెర మీది అక్షరాలను అది పైకి చదివేది, పిల్లలు విని నేర్చుకునేవారు. ఒకసారి కొత్త అప్‌డేట్ రాగానే తెలుగు చదివే గొంతు మూగబోయింది. మాస్టారు పట్టుబట్టి తప్పు కనిపెట్టాడు. గుట్టు చప్పుడు కాకుండా తన బడి కంప్యూటర్లలో మాత్రం సరిచేసుకున్నాడు.

పదో తరగతి సువర్చల ఊరుకోలేదు. "మిగతా బళ్లల్లో కూడా ఇలాగే ఆగిపోయుంటాది గదండీ మాస్టారూ! ఆళ్లకీ ఓ మాట చెప్పకూడదా?" అంది.

"ఎవరి గోల వాళ్లదమ్మా. మనది నడుస్తోంది, చాలు" అన్నాడు మాస్టారు.

నెల తిరక్కుండా ఇంకో అప్‌డేట్ వచ్చి ఆయన మరమ్మతును తుడిచిపెట్టేసింది. ఈసారి పాత మందు పనిచేయలేదు. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. పిల్లలు ప్రశ్నలు వినాల్సింది ఆ గొంతులోనే.  చివరికి మాస్టారు ఆ సాఫ్ట్‌వేర్ బాగుచేసేవాళ్లంతా కలుసుకునే వెబ్‌సైటు తెరిచాడు.

అక్కడ ఎవరో తల్లి వారాల కిందటే రాసిన మాట ఉంది. "మా అమ్మాయి కంప్యూటర్ తెలుగు మాట్లాడటం మానేసింది. బడికి వెళ్లనంటోంది. ఎవరైనా సాయం చేయండి."

దాని కింద, హుబ్లీ నుంచి అందరికీ పని పంచుతున్న ఇంతియాజ్ అనే అతను అడిగాడు: "ప్రోగ్రాములో ఎవరు ఏ ముక్క చూస్తున్నారో ముందే చెప్పండి, ఒకే పని ఇద్దరు చేయొద్దు. ఈ తప్పు ఇదివరకు ఎవరికైనా తగిలిందా?"

మాస్టారు "నాకు తగిలింది. కిందటి అప్‌డేట్ రాగానే" అని రాసి, తనకు తెలిసిందంతా అక్కడ పెట్టేశాడు.

ఒక్కరూ తిట్టలేదు. "సగం పని చేసిపెట్టారండీ!" అన్నాడు ఇంతియాజ్.

ఇక మాస్టారు చూసింది మామూలు పని కాదు. బ్రెజిల్ కుర్రవాడొకడు తప్పున్న ముక్క తిరగరాశాడు. అతను నిద్రకు ఉపక్రమించే వేళకు ఫిన్లాండ్ ముసలావిడ అందుకుంది. కెన్యాలో చూపులేని ప్రోగ్రామరు ఒకాయన చెవులు రిక్కించి విని, ఎక్కడ తడబడుతోందో చెప్పాడు. వాళ్లలో ఒక్కరికీ తెలుగు రాదు! ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు. ఎక్కడి విజయనగరం, ఎక్కడి పిల్లలు! మాస్టారికి ఒళ్లు గగుర్పొడిచింది, కళ్లు చెమర్చాయి.

పరీక్షల ముందే సరైన అప్‌డేట్ వచ్చింది. సువర్చల చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎగిరి గంతేసింది. "మాట్లాడతంది మాస్టారూ! మరి మీరు చెప్పిన ఆ అమ్మాయికో?"

మాస్టారు వెబ్‌సైటు తెరిచి పైకి చదివాడు. ఆ తల్లి రాసింది: "మాట్లాడుతోంది. మా అమ్మాయి రేపు బడికి వెళ్తానంది."

నీతి: మనకోసం దాచుకున్న మరమ్మతు మనకు కూడా మిగలదు, నలుగురి చేతిలో పెట్టినదే నలుగురినీ, మనల్నీ కాస్తుంది.