జాజు కింద కందిరీగ గూడు

అనగనగా ఒక అడవిలో కాటన్న అనే అడవిదున్న ఉండేవాడు. ఒళ్లు కొండంత, మనసు వెన్న. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదిరా" అని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పింది. ఆ ఒక్క మాటే పట్టుకుని పెరిగాడు. ఎవరైనా తన కాలు తొక్కినా, మీకేమీ కాలేదు కదా అని తనే అడిగేవాడు. మంచి గుణమే పిల్లలూ, కాదనను. కానీ ఎంత మంచి గుణానికైనా ఒక హద్దుంటుంది. ఆ హద్దు ఎక్కడుందో కాటన్నకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

కాటన్నకు ఒక చెక్క బండి ఉండేది. కాడి తన మెడ మీద వేసుకుని తనే లాగేవాడు. ఆ అడవిలో ఎండలు ముదిరితే వాగు ఎండిపోతుంది. అప్పుడు నీళ్లుండేది గుట్ట అవతలి మడుగులోనే. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు గుట్ట ఎక్కి దిగి వెళ్లిపోతారు. మరి నడవలేనివాళ్లో? కడుపుతో ఉన్న కుందేళ్లు, కళ్లు కనబడని ముంగిస, అందరికంటే పెద్దదైన తాబేలు నీలవ్వ. వీళ్లందరినీ ఏటేటా కాటన్నే బండిలో దాటించేవాడు. ఆ బండి కదలకపోతే వాళ్లకు ఆ వేసవి గడవదు.

ఆ ఏడు ఎండలు మొదలవుతుండగా బండి కుడి చక్రం దగ్గర కిర్రుకిర్రుమని చప్పుడు పుట్టింది. మామూలప్పుడు వినిపించేది కాదు. బరువు వేసుకుని దిగుడు దిగేటప్పుడే వచ్చేది. ఒకరోజు నీలవ్వ బండిలో కూర్చుని, మెడ బయటికి చాచి, శ్రద్ధగా విన్నది. నూరేళ్లు దాటిన చెవులవి, పిల్లలూ. చీమ నడిచినా పట్టేస్తాయి.

"నాయనా కాటా, ఇది పైపై చప్పుడు కాదు. లోపల ఇరుసు పగులుతోంది. చక్రం ఊడదీసి చూడమను" అంది నీలవ్వ.

ఆ అడవిలో బళ్లు చేసేది నక్క సింగన్న ఒక్కడే. బండి తీసుకోవాలన్నా అతని కొట్టానికే వెళ్లాలి, బాగుచేయించుకోవాలన్నా అక్కడికే వెళ్లాలి. "బండి మాది, బాధ్యత మాది" అని వాకిట్లో పెద్ద పలక కూడా కట్టించాడు. కాటన్న మర్నాడు పొద్దున్నే బండి లాక్కుని వెళ్లాడు.

కొట్టానికి వచ్చినవాళ్లను పలకరించే నెమలి వాకిట్లో ఎదురొచ్చి, తలవంచి దణ్ణం పెట్టింది. నీడలో కూర్చోబెట్టి, కర్బూజా ముక్కలు పెట్టించింది. ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడిగింది. కాటన్న చప్పుడు సంగతి చెప్పుకుంటే, అయ్యో అని ముక్కు మీద వేలేసుకున్నంత పని చేసి, అంతా ఓ ఆకు మీద రాసుకుంది. కాటన్న పొంగిపోయాడు. ఇంత మర్యాద తెలిసినవాళ్లు పని మాత్రం సరిగా చేయకుండా ఉంటారా అనుకున్నాడు.

సాయంత్రానికి బండి తళతళలాడుతూ బయటికొచ్చింది. నీళ్లతో కడిగారు. చక్రాలకు ఎర్రగా జాజు పూశారు. కాడికి బంతిపూల దండ కట్టారు. నెమలి ఒక టేకాకు పట్టుకొచ్చింది. ఆ కొట్టంలో ఒక పద్ధతి ఉంది. బండి ఇంటికి తీసుకెళ్లే ముందే, ఇంకా తోలి చూడకుండానే, పని బాగుందని ఆకు మీద గిట్ట ముద్ర వేయాలి. ముద్ర కింద చుక్కలు పెట్టాలి. బాగా చేస్తే ఐదు. పొద్దున కాటన్న కొట్టం గోడ నిండా చూసినవి అలాంటి ఆకులే.

"ఐదూ పెట్టండి కాటన్నా. నాలుగు పెడితే సింగన్న దొర నా ఈకలు పీకుతాడు" అంది నెమలి దీనంగా.

వెనక ఇంకో మూడు బళ్లు ఆగి ఉన్నాయి. అందరూ తననే చూస్తున్నట్టు అనిపించింది కాటన్నకు. గిట్టను జాజులో ముంచి ముద్ర వేశాడు. ఐదు చుక్కలూ పెట్టాడు. మర్నాడు బరువు వేసుకుని గుట్ట దిగుడులో మొదటి మలుపు తిరిగాడో లేదో, కిర్రుమంది.

వారం తటపటాయించి రెండోసారి వెళ్లాడు. ఈసారి కోతి మేస్త్రీ వచ్చి బండెక్కాడు. కొట్టం ముందున్న చదును నేల మీద పది అడుగులు లాగమన్నాడు. చప్పుడు లేదే అన్నాడు. బరువు వేసి దిగుడులో లాగితేనే వస్తుందని కాటన్న నెమ్మదిగా చెప్పబోయాడు. కొత్తలో అన్ని బళ్లూ నిశ్శబ్దంగానే ఉంటాయనీ, వయసు మీద పడ్డాక కాస్త మూలుగుతాయనీ, మనం మూలగమా అనీ మేస్త్రీ నవ్వేశాడు. కాటన్న కూడా నవ్వాడు. ఎందుకు నవ్వాడో అతనికే తెలియదు. మేస్త్రీ చక్రం సందులోంచి గరిటెలతో కందెన పోశాడు. మళ్లీ ఆకు, మళ్లీ ముద్ర, మళ్లీ ఐదు చుక్కలు.

ఈసారి నిజంగానే చప్పుడు ఆగిపోయింది. కాటన్న సంతోషంగా పోయి నీలవ్వను ఎక్కించుకుని దిగుడులో కొంతదూరం తిప్పాడు. చూశావా అవ్వా, పోయింది అన్నాడు. నీలవ్వ మెడ అతని వైపు తిప్పింది.

"ఏడ్చే పిల్ల నోరు మూస్తే ఏడుపు ఆగుతుంది కానీ నొప్పి ఆగుతుందా, నాయనా? చక్రం విప్పారా లేదా, అది చెప్పు" అని అడిగింది.

కాటన్న నసిగాడు. విప్పించకుండా తను మాత్రం ఆ దిగుడులో బండెక్కనని నీలవ్వ తెగేసి చెప్పింది. ఇంకోసారి వెళ్లి, దగ్గరుండి విప్పించుకు రమ్మంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకు నాయనా అని బతిమాలింది కూడా.

మూడోసారి కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. నెమలి ముఖంలో మొదటినాటి నవ్వు లేదు. బండి లోపలికి తీసుకెళ్లి, సాయంత్రం దాకా ఉంచి, బయటికి తెచ్చారు. ఈసారి నక్క సింగన్న తనే వచ్చాడు. కాటన్న మూపు మీద చెయ్యి వేశాడు. చక్రం ఊడదీశామనీ, ఇరుసు అంగుళం అంగుళం చూశామనీ, ఉక్కులా ఉందనీ చెప్పాడు. కాటన్న చక్రం వైపు చూశాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, పిల్లలూ. చక్రం జారిపోకుండా ఇరుసు చివర ఒక మేకు గుచ్చుతారు. దాన్ని కడచీల అంటారు. చక్రం విప్పాలంటే ముందు ఆ కడచీల లాగాల్సిందే. మాఘమాసంలో ఒక కందిరీగ వచ్చి, కాటన్న బండి కడచీల మీదా ఇరుసు చివరా కలిపి మట్టి గూడు కట్టుకుంది. లోపల పిల్లలుంటాయేమో పాపం అని కాటన్న దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ గూడు ఉన్నచోటే ఉంది. చెక్కు చెదరలేదు. దాని మీద నుంచే ఎర్రగా జాజు పూసేశారు, అంతే తేడా. పైన పటారం, లోన లొటారం.

అంటే ఆ చక్రాన్ని ఎవరూ విప్పలేదు. మొదటిసారీ లేదు, రెండోసారీ లేదు, మూడోసారీ లేదు. కాటన్నకు ఒక్క చూపులో అంతా అర్థమైంది. "ఈ గూడు పగలకుండా చక్రం ఎలా విప్పారు?" అని అడగడానికి నోరు తెరిచాడు.

సింగన్న ఆ చూపు పసిగట్టాడు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధవుతుందని ఊరికే అనలేదు. ముఖం చిన్నబుచ్చుకుని, గొంతులో బాధ నింపుకుని అడిగాడు.

"ఏం అన్నా, నా మాట మీద నమ్మకం లేదా?"

పిల్లలూ, ఆ క్షణంలో కాటన్న లేదు అని ఒక్క మాట అనాల్సింది. లేదంటే ఊరికే గిట్ట చూపించి ఆ గూడు సంగతి అడిగినా సరిపోయేది. అన్నాడా? అనలేదు. ఎదుటివాడి ముఖం వాడిపోతే చూడలేని పాడు మొహమాటం అతనిది. "అయ్యో, అదేం మాట సింగన్నా" అన్నాడు. గిట్ట ముంచాడు. ముద్ర వేశాడు. లెక్క తప్పకుండా ఐదు చుక్కలూ పెట్టాడు.

దారి పొడుగునా ఆ ఎర్రటి గూడు చక్రం పక్కనే కనిపిస్తూ వచ్చింది. ఇంటికి చేరాక తనే కడచీల లాగి చూద్దామనుకున్నాడు. చూస్తే పగులు కనిపిస్తుంది. కనిపిస్తే మళ్లీ కొట్టానికి వెళ్లి, మూడుసార్లు బాగుందని ముద్ర వేసిన తనే బాగాలేదని చెప్పాలి. ఆ తలవంపులు పడలేననుకున్నాడు. చూడలేదు.

పది రోజులకు వాగులో ఆఖరి చెలమ కూడా ఎండిపోయింది. కాటన్న బండి కట్టాడు. మూడోసారి వెళ్లొచ్చాడు కదా, విప్పించే ఉంటాడనుకుని, ముందు కుందేళ్లను, తర్వాత ముంగిసను దాటించమంది నీలవ్వ. చిన్నవాళ్లు ఆగలేరు, నేను ఎన్ని ఎండలు చూశాను, ఆఖర్న వస్తాలే అంది. మొదటి బండి భద్రంగా దాటింది. రెండో బండీ దాటింది. కాటన్నకు గుండె కుదుటపడింది. మూడోసారి నీలవ్వ కోసం వచ్చాడు. అప్పటికి మిట్టమధ్యాహ్నం. అవ్వ పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. అయినా బండెక్కే ముందు ఆగింది.

"కాటా, ఇరుసు విప్పారా?"

కాటన్న నేల చూశాడు. తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. లేదంటే, మరి ముద్ర ఎందుకు వేశావని అడుగుతుంది.

"విప్పారవ్వా" అన్నాడు.

నీలవ్వ మెల్లగా బండెక్కింది. నక్క చెప్పి ఉంటే ఎక్కేది కాదు, నెమలి చెప్పి ఉన్నా ఎక్కేది కాదు. చెప్పింది కాటన్న కాబట్టి ఎక్కింది.

గుట్ట ఎక్కారు. దిగుడు మొదలైంది. మొదటి మలుపులో ఏ చప్పుడూ లేదు. రెండో మలుపులోనూ లేదు. కందెన నిండిన చక్రం మెత్తగా తిరుగుతోంది. మూడో మలుపు లోయ పక్కన ఉంటుంది. అక్కడ ఫెళ్లుమని ఒకే ఒక్క చప్పుడయింది. కుడి చక్రం విడిపోయి లోయలోకి దొర్లింది. బండి పక్కకు ఒరిగింది. కాటన్న నాలుగు కాళ్లూ నేలలో తన్నిపెట్టి ఆపాలని చూశాడు. ఒక కొమ్ము సగానికి విరిగింది, మెడ తోలు ఊడింది, బండి ఆగింది. కానీ అప్పటికే నీలవ్వ రాళ్ల మీద పడిపోయింది.

కాటన్న కాడి తెంపుకుని దిగువకు పరుగెత్తాడు. నూరేళ్లకు పైగా ఆమెను కాపాడిన పెంకు రెండుగా చీలి ఉంది. అవ్వ కళ్లు తెరిచి అతన్ని చూసింది. కోపంగా చూడలేదు. అదే అతను భరించలేకపోయాడు.

"విప్పారన్నావు కదా, నాయనా" అంది.

ఆ తర్వాత నీళ్లు అడిగింది. మడుగు అక్కడికి కనిపిస్తూనే ఉంది. కాటన్న పడుతూ లేస్తూ పోయి నోటినిండా నీళ్లు పట్టుకొచ్చాడు. అతను వచ్చేసరికి అవ్వ లేదు. నోట్లో నీళ్లు మింగలేక, ఉమ్మలేక, చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

మర్నాడు లోయలో పడ్డ చక్రంలోంచి విరిగిన ఇరుసు ముక్క లాగి, నోట కరుచుకుని సింగన్న కొట్టానికి వెళ్లాడు. పగులు సగం పాతది, నల్లగా కందెన పట్టి ఉంది. మిగతా సగం తెల్లగా, కొత్తగా విరిగి ఉంది. చివర్న కడచీల, దాని మీద ఎర్ర జాజు పూసిన కందిరీగ గూడు. సింగన్న దాన్ని చూశాడు. అయ్యో పాపం అన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి మూడు టేకాకులు తెచ్చి పరిచాడు.

"ఈ ముద్రలు నీవేనా, కావా అన్నా? పదిహేను చుక్కలు. మేమేమైనా బలవంతం చేశామా?"

కాటన్న ఆ ఆకుల వైపు చూశాడు. గోడ వైపు చూస్తే అక్కడ ఇంకా కొన్ని వందల ఆకులు వేలాడుతున్నాయి. అందరివీ ఐదేసి చుక్కలే. తను మొదటిసారి వచ్చినప్పుడు ఆ గోడ చూసే కదా ధైర్యపడ్డాడు. తన ఆకు చూసి ఇంకెవరు ధైర్యపడ్డారో. నెమలి తల తిప్పుకుంది.

"ముద్రలు నావే. మూడూ అబద్ధాలే" అన్నాడు కాటన్న. పుట్టి బుద్ధెరిగాక అతను గొంతు పెంచి మాట్లాడింది అదే మొదటిసారి. వాకిట్లో బళ్లతో నిలబడినవాళ్లందరూ విన్నారు. ముద్ర వేయబోతున్న ముళ్లపంది ఒకటి, పంజా వెనక్కి తీసుకుని, ముందు చక్రం విప్పి చూపించమని కోతి మేస్త్రీని అడిగింది. మేస్త్రీ సింగన్న ముఖం చూశాడు. మిగిలినవాళ్లలో కొందరు ముళ్లపంది పక్కన నిలబడ్డారు. కొందరు మనకెందుకొచ్చిన గొడవలే అని ముద్ర వేసి వెళ్లిపోయారు.

సింగన్న కొట్టం మూతపడలేదు, పిల్లలూ. అలా మూతపడిందని చెబితే మీకు బాగుంటుంది కానీ, పడలేదు. కాటన్న ఆ ఇరుసు ముక్కను కొట్టానికి వెళ్లే దారిలో ఒక కొమ్మకు వేలాడదీశాడు. చూసినవాళ్లు దగ్గరుండి చక్రం విప్పించుకుంటారు. చూడనివాళ్లు చూడరు.

కాటన్న మళ్లీ బండి కట్టలేదు. ఎండలు వస్తే నడవలేనివాళ్లను ఒక్కొక్కరినే వీపు మీద ఎక్కించుకుని గుట్ట దాటిస్తాడు. అందరూ దాటాక కూడా ఇంకోసారి ఇవతలికి వస్తాడు. నీలవ్వ ఎక్కడ నిలబడి ఇరుసు విప్పారా అని అడిగిందో అక్కడ ఆగుతాడు. "విప్పలేదవ్వా" అని పైకే చెప్పి, ఖాళీ వీపుతో వెనక్కి వెళ్తాడు.

నీతి: పని చెడగొట్టినవాడిది ఒక తప్పైతే, కళ్లారా చూసి కూడా మొహమాటానికి బాగుందన్నవాడిది ఇంకో తప్పు, ఆ మొహమాటం బరువు చివరికి మన మాట నమ్మినవాళ్ల మీదే పడుతుంది.