ఎగిరొచ్చిన ఉయ్యాల

ఇటు తిరిగి పడుకో, చెప్తాను. అనగనగా ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. పాడైన మోటార్లు బాగుచేసేది. ఆ ఊరి పక్కనే ఒక గెడ్డ. గెడ్డంటే చిన్న ఏరన్నమాట. అవతలి గట్టునే పైడమ్మ తమ్ముడు రాజినాయుడి ఇల్లు.

ఆ తమ్ముడికి పాప పుట్టింది. పాపని మొదటిసారి ఉయ్యాల్లో వెయ్యాల్సింది మేనత్తే కదా! ఉయ్యాల కూడా తనే తెస్తానని పైడమ్మ మాటిచ్చింది. సరిగ్గా అప్పుడే వానలు దంచికొట్టాయి. గెడ్డ పొంగింది, వంతెన కొట్టుకుపోయింది. తమ్ముడు అవతల నిలబడి అరిచాడు, "అప్పా! నువ్వు రాకుండా పాపని ఉయ్యాల్లో వెయ్యం!"

పైడమ్మకి ఏడుపొచ్చింది. ఆ తర్వాత కోపమొచ్చింది. ఆ తర్వాత ఆలోచనొచ్చింది.

పొలాలకి మందు కొట్టే డ్రోన్లు, చెడిపోయినవి, ఆవిడ షెడ్డులో మూలన పడున్నాయి. వాటి మోటార్లూ రెక్కలూ బ్యాటరీలూ విప్పింది. పాత టీవీ యాంటెన్నా గొట్టాలకి బిగించింది. మరి కూర్చోడానికో? కోళ్ళ గంప! వెల్లకిలా తిప్పి, శుభ్రంగా కడిగి, పాత చీర పరిచి, తాళ్ళతో గొట్టాలకి వేలాడదీసింది.

వాళ్ళమ్మ నూకాలమ్మ నెత్తి బాదుకుంది. "ఒలమ్మో! తమ్ముడింటికి కోళ్ళ గంపలో ఎల్తావేటే? నవ్వరేటి?"

"నవ్వనీ అమా. పాప కూడా నవ్వుద్ది."

అప్పుడు అరటిగెల, చలిమిడి గిన్నె గంపలో పెట్టుకుంది. టేకు ఉయ్యాల పక్కన కట్టుకుంది. తనూ ఎక్కి కూర్చుని మీట నొక్కింది. రయ్యిమంది. గంప లేవలేదు గానీ, వాకిట్లో కోళ్ళన్నీ లేచి చూరెక్కాయి.

అప్పుడు గెల దింపింది, చలిమిడి దింపింది. ఈసారి జానెడు లేచి చతికిలపడింది.

ఇక మిగిలింది ఉయ్యాలే. తనూ తమ్ముడూ ఊగిన ఉయ్యాల. విప్పడానికి చెయ్యి రాలేదు పాపం. వట్టి చేతులతో వెళ్తే మేనత్తనెలా అవుతానని కళ్ళు తుడుచుకుంది. అయినా విప్పేసింది. అప్పుడు లేచిందమ్మా గంప! మబ్బుల్లోకేం కాదులే, గెడ్డ నీళ్ళు గంప అడుక్కి చిమ్మేంత ఎత్తున. ఊగుతూ తూగుతూ వెళ్ళి తమ్ముడి వాకిట్లో దిగింది. నువ్వు మాత్రం మంచం మీంచి దూకావో, చెప్తా నీ పని!

"మరి ఉయ్యాలేదీ?" అన్నారు అందరూ.

పైడమ్మ సిగ్గుతో తల దించుకుంది. దించిన కళ్ళకి గంప కనిపించింది. గుండ్రటి అడుగు కదా, నేల మీద ఇంకా మెల్లగా ఊగుతూనే ఉంది. గబగబా స్పానరు తీసి మోటార్లన్నీ విప్పేసింది. గంప తాళ్ళు దూలానికి కట్టింది. పాపని అందులో పడుకోబెట్టి ఊపింది. పాప బోసినోటితో ఒక్క ఆవులింత ఆవులించి నిద్రపోయింది. మేనత్త కడుపు నిండిపోయింది.

"అప్పా, మరి ఇంటికెలాగెల్తావు?" తమ్ముడు గట్టిగా అడిగేశాడు.

"అరవకురా, పాప లెగుస్తది. గెడ్డ తగ్గినాక నడిచెల్తాను."

ఇవతల మాత్రం గంప లేని కోళ్ళన్నీ నూకాలమ్మ మంచం కింద దూరాయి.

కథేమో కంచికి,
గంపేమో దూలానికి,
కోళ్ళేమో మంచం కిందికి,
మనమేమో నిద్రలోకి.