గుమ్మికొండ మీద సముద్రం

అనగనగా, కొండకి వీపు ఆనించి కూర్చున్న ఊరొకటి. ఆ కొండ పేరు గుమ్మికొండ. ధాన్యం పోసుకునే గుమ్మిని బోర్లించినట్టు ఉంటుంది, అందుకని ఆ పేరు. పాదం నుంచి నెత్తి దాకా అడవే. గుగ్గిలం చెట్లు, మద్దిచెట్లు, వెదురు పొదలు, వాటిని పట్టుకుని వేలాడే అడ్డాకు తీగలు. దారి మాత్రం లేదు.

ఎందుకు లేదంటావా? ఆ ఊరివాళ్ళు ఉంచరు గనక. ఆ కొండ మీద చెట్టుకి గాటు పెట్టకూడదు, రాయి మీద సున్నం పూయకూడదు. ముందు నడిచే మనిషి రెండు గడ్డి పిలకలు కలిపి ముడి వేసుకుంటూ పోతుంది. గడ్డి లేనిచోట తీగకి వేస్తుంది. వెనకవాళ్ళు ఆ ముడులు చూసుకుంటూ ఎక్కుతారు. దిగేటప్పుడు ఆఖరి మనిషి ఒక్కో ముడీ విప్పుకుంటూ వస్తుంది. కొండని కట్టేసి ఇంటికొస్తే వాన రాదని వాళ్ళ నమ్మకం. అందుకని ఎప్పుడు ఎక్కినా దారి కొత్తగా వెతుక్కోవాల్సిందే.

మాఘమాసం వస్తే ఊళ్ళో ఆడవాళ్ళంతా కొండచీపురు గడ్డి కోయడానికి ఎక్కుతారు. ఆ గడ్డితోనే వాళ్ళ ఏడాది గడవాలి. ముందు నడిచిన మనిషిది మొదటి కోత. ఆమె ఒక మోపు కోసుకునే దాకా మిగతావాళ్ళు కొడవలి తీయకూడదు. పన్నెండేళ్ళుగా ఆ మొదటి కోత దాలమ్మది.

దాలమ్మకి ఆ గౌరవం ఎలా వచ్చిందో చెప్తాను విను. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు, నేను కొండ నెత్తి చూసొస్తానని ఒక్కతే వెళ్ళింది. సాయంత్రానికి దిగింది. అప్పుడు ఊరంతా మూగి పైన ఏముందని అడిగారు. సముద్రం కనిపించిందని చెప్పింది. ఎలా ఉందంటే, నీలం చీర ఆరేసినట్టు ఉందంది. వాళ్ళ అత్త చెల్లమ్మ ఆకువక్క నములుతూ, అవును, నా రోజుల్లోనూ అట్లానే కనిపించేది అంది. ఇంకేముంది, ముందు నడక దాలమ్మకి ఇచ్చేశారు.

అసలు సంగతి ఏమిటంటే, దాలమ్మ ఆ రోజు సగం కొండ కూడా ఎక్కలేదు. వెదురు పొదల్లో దారి తెలియక, ఒక లోయలో బండ మీద కూర్చుని, మూట విప్పి చద్దన్నం తిని, కాసేపు ఏడ్చి, తన ముడులు తనే విప్పుకుంటూ దిగొచ్చేసింది. దిగాక అంతమంది ముఖాలు చూసేసరికి నోటికొచ్చింది సముద్రం. ఒక్కసారి నోటికొచ్చిన సముద్రాన్ని మళ్ళీ మింగడం ఎవరి తరం?

ఆరేళ్ళు గడిచాక ఆ ఇంటికి చిన్నకోడలు వచ్చింది. పేరు అసిరి. ఆ పక్క ఊళ్ళలో అక్కని అప్ప అంటారు. అసిరి తన తోడికోడల్ని నోరారా అప్పా అని పిలిచేది. ఆ పిలుపు వింటే దాలమ్మకి పన్ను జివ్వుమనేది.

అసిరి కాచిన చారు అత్త రెండోసారి పోయించుకునేది. అసిరి అలికిన అరుగు మీదకే పిల్లి వచ్చి పడుకునేది. అసిరి కొండెక్కితే చెమట పట్టేది కాదు. ఈ మూడూ చూసి దాలమ్మ రోజూ కాస్త కాస్త మాడేది. కుళ్ళు కడుపునొప్పి లాంటిది తల్లీ, పైకి కనబడదు, పడుకోనివ్వదు. సాయంత్రం నీ అక్క కొత్త పరికిణీ చూసి మూతి తిప్పుకున్నావే, అదే. దానికి ఇంకో పేరు పెట్టకు.

ఆ ఏడు కింద వాలుల్లో గడ్డి రాలేదు. నెత్తి దాటి పడమటి వాలు మీద ఉంటుందని పెద్దవాళ్ళు అన్నారు. నెత్తి చూసిన మనిషి ఊళ్ళో ఉండగా భయమేమిటని అందరూ దాలమ్మ గుమ్మం ముందు నిలబడ్డారు.

మొదటి రోజు దాలమ్మ మోకాలు నొప్పంది. రెండో రోజు పిల్లి ఎదురొచ్చిందంది. అరుగు మీద పడుకునే పిల్లే అది, ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది. మూడో రోజు కొండ పిలవడం లేదంది. కొండెప్పుడైనా ఎవరినైనా పిలిచిందా?

నాలుగో రోజు అసిరి ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. పొద్దు వాలేసరికి దిగొచ్చింది. నెత్తిన తనకంటే పొడుగు గడ్డి. నెత్తి దాటి వెళ్ళాను, పడమటి వాలంతా గడ్డే అని చెప్పింది. ముడులు విప్పకుండా ఉంచాను, రేపు అందరం వెళ్ళి కోసుకుని, దిగేటప్పుడు విప్పుకుందాం అంది.

అప్పుడు ఎవరో అడిగారు, సముద్రం కనిపించిందేటే అసిరీ అని.

అసిరి మోపు దించింది. కొంగుతో మెడ తుడుచుకుంది. దాలమ్మ వైపు ఒకసారి చూసింది.

"అప్ప చెప్పినట్టే ఉంది," అంది.

ఇంకో మనిషైతే బతికిపోయానని ఊపిరి పీల్చుకునేది. దాలమ్మ ఇంకో మనిషి కాదు కదా. తను కల్పించిన సముద్రాన్ని ఇది నిజంగా చూసొచ్చిందా అని ఆమె గుండె భగ్గుమంది. పన్నెండేళ్ళుగా ఆ నీళ్ళు నావి, నా నోట్లోంచి వచ్చినవి, ముందుగా దీని కళ్ళలో పడతాయా అని రాత్రంతా అటు దొర్లి ఇటు దొర్లి, తెల్లవారకముందే లేచి కొండ దారి పట్టింది. ఆమె ఆలోచన ఒక్కటే. ఈ ముడులు పట్టుకుని పైకి వెళ్ళాలి, సముద్రం చూడాలి, పొద్దెక్కేసరికి దిగి, అందరికీ ముందు తనే నడవాలి.

మొదటి ముడి కనిపించింది. అసిరి ముడి. చిన్నగా, నున్నగా, పూలదండలో ముడిలా ఉంది. ఆ చక్కదనం చూసేసరికి దాలమ్మ చెయ్యి ఆగలేదు, విప్పేసింది. రెండోదీ విప్పింది. మూడోదానికి పళ్ళు కూడా వాడింది. ఎక్కేటప్పుడు ముడి విప్పకూడదని ఆ ఊరి పసిపిల్లలకి కూడా తెలుసు. దాలమ్మకి మాత్రం ఆ పూట అసిరి చేతి పని కొండ మీద మిగలకుండా చెయ్యడమే కనిపించింది.

అలా విప్పుకుంటూ, విప్పుకుంటూ, ఎండ ఎక్కేవేళకి నెత్తికి చేరింది. నెత్తి అని ఎలా తెలిసిందంటే, అక్కణ్ణించి ఎటు అడుగేసినా కిందికే. ఒక పెద్ద మద్దిచెట్టు, దాని మొదట్లో తీగకి ఆఖరి ముడి. అదీ విప్పేసింది.

ఆ తర్వాత సముద్రం కోసం చూసింది. తూర్పుకి తిరిగి చూస్తే చెట్లు. బండెక్కి చూస్తే చెట్లు. చీర బిగించి మద్దిచెట్టు మూడో కొమ్మ దాకా పాకి చూస్తే ఆకులు, ఆకుల వెనక ఆకులు, ఆ వెనక ఇంకో చెట్టు. సముద్రం మాట దేవుడెరుగు, సొంత ఊరి పొగ కూడా కనబడలేదు.

దాలమ్మ కొమ్మ మీద కూర్చుండిపోయింది. సముద్రం లేదు. లేదని అసిరికి నిన్ననే తెలుసు. తెలిసీ అంతమందిలో అప్ప చెప్పినట్టే ఉందంది.

కరిగిపోయిందనుకుంటున్నావా? లేదు. ఒళ్ళు ఇంకా మండింది. చారు దానిదే, నడక దానిదే, చివరికి మంచితనం కూడా దానిదేనా, నాకు మిగిలిందేమిటి అని ఆ కొమ్మ మీదే ఏడ్చింది.

ఏడ్చి దిగి, ఇంటి దారి పట్టబోయింది. పడితే ఏముంది? ముడి లేదు. మొదటిసారి దిగితే వెదురు పొద అడ్డం వచ్చింది. వెనక్కి ఎక్కింది. రెండోసారి దిగితే కాలి ముందు కొండచరియ, కింద గాలి. వెనక్కి పాకింది. మూడోసారి కళ్ళు మూసుకున్నట్టు నడిచి నడిచి, ఒక మద్దిచెట్టు దగ్గర తేలింది. అదే మద్దిచెట్టు.

ఆ అడవిలో తప్పిపోయినవాళ్ళు హో అని కూత వేస్తారు. ముందు నడిచే మనిషి తిరిగి హో అంటుంది. పన్నెండేళ్ళలో దాలమ్మ బదులు పలకడమే గాని తనంత తాను కూత వేసి ఎరగదు. గొంతు దాకా వచ్చినదాన్ని మూడుసార్లు మింగింది. నాలుక ఎండిపోయాక, నాలుగోసారి వేసింది.

"హో," అని బదులొచ్చింది. దూరం నుంచి కాదు, పక్క పొదలోంచి.

అసిరి బయటికొచ్చింది. చేతులు ఆకుపచ్చగా ఉన్నాయి, వేళ్ళు గీరుకుపోయాయి.

"తెల్లారి చూస్తే నీ కొడవలి లేదు. వచ్చి చూస్తే మొదటి ముడి లేదు. నువ్వు విప్పుకుంటూ వచ్చావు, నేను కట్టుకుంటూ వచ్చాను. అందుకే ఆలస్యమైందప్పా," అంది.

దాలమ్మ ఆ గీరుకుపోయిన వేళ్ళ వైపు చూసింది. ఆ తర్వాత అడిగింది, "సముద్రం లేదని ఎందుకు చెప్పలేదే?"

అసిరి చెట్టుకి ఆనుకుని కూర్చుంది. "ఆరేళ్ళు నిన్ను చూసి కుళ్ళుకున్నానప్పా. సముద్రం చూసిన కళ్ళు అని. నేను ఏ వంట చేసినా, నువ్వు పక్కన కూర్చుంటే, అప్ప చూసిందే, నేను చూడలేదే అని ముద్ద దిగేది కాదు. ఆ కుళ్ళుతోనే నిన్న ఇంత కొండా ఎక్కాను. ఎక్కితే చెట్లు. నవ్వొచ్చింది. ఇక కింద చెప్తానా? చెప్తే నువ్వు నాలుగు నెలలు అన్నం మానేస్తావు, రోజూ నీ ముందు కంచం పెట్టి బతిమాలాల్సింది నేనే."

చూశావా తల్లీ, లేని సముద్రం కోసం ఇద్దరూ ఇన్నేళ్ళు మాడారు.

అప్పుడు ఇద్దరూ అసిరి కట్టిన ముడులు చూసుకుంటూ దిగారు. కొండ మొదట్లో ఆడవాళ్ళంతా కొడవళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ముందు ఎవరు నడుస్తారని అడిగారు. అసిరి తలొంచుకుని నిలబడింది, నోరు తెరవలేదు. తెరవదని దాలమ్మకి తెలుసు. తను నోరు మూసుకుంటే ఇంకో పన్నెండేళ్ళు మొదటి కోత తనదే. అదీ తెలుసు.

ఆ మాట పలకడం ఆమెకి కొండెక్కినదానికంటే కష్టమైంది.

"పైన సముద్రం లేదు, చెట్లున్నాయి. నేను అప్పుడు లోయలో కూర్చుని దిగొచ్చాను. దీని వెనక నడవండి," అంది.

అందరూ మెల్లగా అత్త చెల్లమ్మ వైపు తిరిగారు. నా రోజుల్లోనూ కనిపించేదన్న మనిషి కదా ఆవిడ. చెల్లమ్మ ఆకువక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చింది.

"చెట్లు ఇప్పుడు పెరిగుంటాయి," అంది.

ఆ రోజు అసిరి ముందు నడిచింది. మొదటి కోత కోసింది. ఆమె మోపు కట్టే దాకా దాలమ్మ కొడవలి ఒళ్ళో పెట్టుకుని, గడ్డి వైపు చూడకుండా, అవతలి కొండల వైపు చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు ఆఖరున నడిచింది. ఆఖరి మనిషి పని ముడులు విప్పడం. ఆ పని ఆమెకి అప్పటికే బాగా అలవాటైంది కదా.

కుళ్ళు పోయిందా అని అడుగుతావు. ఎక్కడికి పోతుంది? ఒక్కో ముడి దగ్గరా వంగి, ఇదీ ఒక ముడేనా, నేనైతే ఇంకా గట్టిగా వేసేదాన్ని అని గొణుక్కుంటూనే విప్పింది. కానీ ఒక్కటి కూడా వదలకుండా విప్పింది, అందరూ తన ముందు దిగాకే విప్పింది. ఆ ఏడు వాన బాగా పడింది.

గడ్డి ముడి విప్పాం, గట్టు దిగాం,
కథని కంచి దాకా సాగనంపాం,
దీపం కొండెక్కింది, దుప్పటి కప్పాం,
పక్క మీద మనిద్దరం, కళ్ళు మూసేశాం.